ఎత్తు బండి, ఇబ్రహీంపట్నం, నా నడుం

"మేం ఇబ్రహీంపట్నం వెళ్ళొచ్చాం" అంటే మా వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, "ఏది, బెజవాడ పక్కన కృష్ణ ఒడ్డున ఉందే, అదేనా?" అని. అది కాదు. ఇది రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే రోడ్డు మీద ఉంది. రెండో మాట, "అక్కడ చూడ్డానికేముంది?" అని. మేమేమీ చూడ్డానికని వెళ్ళలేదు. మామిడి మొక్కలు దించడానికీ, బండి బాగు చేయించడానికీ వెళ్ళాం. కానీ తిరిగొచ్చాక చెప్పాల్సిన కబుర్లు బోలెడు మిగిలాయి. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇలా రాయడానికి కూర్చున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. మొక్కలు మోయడానికి ఒక పికప్ బండి ఉంది. వానాకాలంలో మా కాలవ గట్టు దారి మునిగిపోతుంది. ఒకసారి ఇంజన్లోకి నీళ్ళు పోయి బండి నడి నీళ్ళలో నిలబడిపోయింది. ఊరంతా గట్టు మీద నిలబడి చూశారు. మా ఆయన సూర్యారావు గారు ఆ అవమానాన్ని మనసులో పెట్టుకున్నారు. ఆయనకు వెల్డింగ్ పని చేసే స్నేహితుడొకడు ఉన్నాడు. ఇద్దరూ కలిసి కింద ఇనప దిమ్మలు పెట్టి, పెద్ద టైర్లు వేసి, బండిని జానెడు పైకి లేపారు. ఆ రోజు మా ఆయన మొహం చూడాలి! మా పెళ్ళి ఫోటోల్లో కూడా అంత వెలిగిపోలేదు.

వరదొచ్చినా బండి ఆగకుండా వెళ్ళింది, అది ఒప్పుకోవాలి. కష్టాలన్నీ నాకే మొదలయ్యాయి. ఎక్కాలంటే ప్లాస్టిక్ స్టూలు కావాలి. ఎక్కాక ప్రతి గోతికీ నడుంలో గునపం దించినట్టుండేది. చివరికి రాజమండ్రిలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఆ బండిలో ఇక దూరప్రయాణాలు వద్దమ్మా" అనేశారు. మా ఆయన వెంటనే వెంకన్న అనే పాత లారీ డ్రైవర్ని మాట్లాడేశారు. వచ్చే నెల నుంచి నా బదులు ఆయన తోడు వెళ్తాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొక్కలు పెంచేది ఆయనే కావచ్చు, కొనేవాళ్ళతో మాట్లాడేది నేను. దారిలో ఆయనకు నిద్ర రాకుండా కబుర్లు చెప్పేది నేను. పెళ్ళయిన కొత్తలో అద్దె వ్యాన్లో కుండీల మధ్య ఇరుక్కుని కూర్చుని మొదలుపెట్టిన తిరుగుడు ఇది. ఇంటి పని, తోట పని మధ్య నాకు దొరికే గాలంటూ ఉంటే అది ఆ బండి కిటికీలోంచి వచ్చేదే. ఆ సీటు వదిలేది లేదన్నాను. బండి బాగు చేయిద్దాం, అప్పటికీ నొప్పి పుడితే నేనే దిగిపోతానన్నాను. ఆయన సరేనన్నారు గానీ, వెంకన్నకు మాత్రం వద్దని చెప్పలేదు.

సూర్యాపేట

తెల్లవారుజామున బయల్దేరాం. వెనక మామిడి మొక్కలు, నా నడుం కింద రెండు దిళ్ళు. సూర్యాపేట చేరేసరికి ఆ రెండు దిళ్ళూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. మా ఆయన ప్రతి గోతికీ నా వైపు చూసి "సారీ" అంటున్నారు. ఆ రోడ్డు మీద అన్ని సారీలు చెప్పిన మనిషి మరొకరు ఉండరు.

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగాం. టీ పోసే ఆవిడ నా తిప్పలు చూసింది. నేను సీటు పట్టుకుని, తలుపు పట్టుకుని, చివరికి మా ఆయన భుజం పట్టుకుని దిగేదాకా గరిటె ఆపి చూస్తూ నిలబడింది.

"గంత ఎత్తు బండి ఎట్లెక్కినవ్ అక్కా?" అంది.

"స్టూలేసుకుని."

"మరి దిగుడు?"

"భగవంతుడి మీద భారం వేసి."

పడీ పడీ నవ్వింది. "నిమ్మలంగ తాగు, మస్తు కాలుతది" అని గ్లాసు చేతికిచ్చింది. మా వైపు ముక్కూ మొహం తెలియని మనిషిని 'నువ్వు' అంటే ఊరుకోరు. చిన్నపిల్లలతో కూడా 'ఏమండీ' అనే జిల్లా మాది. ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు ఆ నువ్వు వినగానే నాకు చెవులు చురుక్కుమన్నాయి. తర్వాత్తర్వాత తెలిసింది, దాని వెనకే 'అక్కా' అని వస్తుంది, ఆ పిలుపుతో మనం వాళ్ళింటి మనిషి అయిపోతాం. టీ మాత్రం మా వైపు కన్నా తక్కువ పోస్తారు. రెండు తాగితే గాని ఒకటి తాగినట్టుండదు.

ఔటర్ దిగాక

బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి ఇబ్రహీంపట్నం దారి పట్టాం. ఆ రోడ్డు మీద మీరు ఎందుకు వెళ్ళినా సరే, అక్కడివాళ్ళ లెక్కలో మీరు ప్లాటు కొనడానికే వెళ్ళినట్టు. జామకాయల బండి దగ్గర ఆగి రెండు కాయలు అడిగాను. కాయలు కోసి ఉప్పూకారం జల్లుతూనే అతను, "వెంచర్ చూడనీకొచ్చిన్రా? మా బామ్మర్ది తాన మంచి ప్లాటున్నది, తూర్పు మొకం" అన్నాడు.

"మేం మొక్కలు తెచ్చాం బాబూ" అన్నాను.

"మొక్కలు యాడ పెడ్తరు? ప్లాట్లనే గదా పెట్టాలె" అన్నాడు.

మా వైపు నేల గురించి మాట్లాడితే సెంట్లు, కుంచాలు. ఇక్కడ ఊరి బయట గుంటలు, ఊరు దగ్గర పడుతున్న కొద్దీ గజాలు. గజం ధర వింటే మా ఊళ్ళో సెంటు ధర ముద్దొచ్చింది. కొనే పని లేదు కాబట్టి ఎంత చెప్పినా హాయిగా విన్నాం.

సుగుణమ్మ ఇల్లు

మొక్కలు తెప్పించుకున్నది సుగుణమ్మ. ఇబ్రహీంపట్నం దాటి కాస్త లోపలికి వెళ్తే వాళ్ళ ఊరు. తరాలుగా అక్కడ వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. వాళ్ళ చేలల్లో కొన్ని ప్లాట్లయిపోయాయి. మిగిలిన చెలకలో, అంటే మెట్ట పొలంలో, మామిడి పెట్టాలని ఆవిడ పట్టుబట్టి కూర్చుంది. ఫోన్లో రెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, మనిషిని చూడ్డం ఇదే మొదటిసారి. నా వయసే ఉంటుంది. నన్ను బండి మీంచి దింపడానికి తనే స్టూలు తెచ్చి వేసింది.

"ఉన్నదంతా గజాల లెక్కన అమ్ముకుంటే, ఎండల ఏడ నిలవడాలె అక్కా?" అంది, మొక్కలు దింపిస్తూ. వాళ్ళాయన ఏదో పని మీద ఊరెళ్ళాడు. ఆయన ఉంటే నోరెత్తనిచ్చేవాడు కాదని, లేనప్పుడే మొక్కలు తెప్పించానని చెప్పి నవ్వింది.

ఆ రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పులుసంటే పొయ్యి మీద గంటసేపు మరగాలని నమ్మే ఇంటిదాన్ని నేను. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి, పోపు వేసి తెచ్చి పోస్తే ఇదేం పులుసు అనుకున్నాను. రొట్టె ముంచుకుని తిన్నాక మూడోసారి వేయించుకున్నాను. రొట్టె నేనూ చేస్తానని పీట వేసుకుని కూర్చున్నాను గానీ, అరచేతుల్లో కొడుతుంటే అది మూడు ముక్కలై ఒళ్ళో పడింది. మర్నాడు పరువు నిలబెట్టుకోవాలని మా పద్ధతిలో పప్పుచారు పెట్టాను, చిన్న బెల్లం ముక్క వేసి. సుగుణమ్మ ఒక్క గుక్క తాగి నా మొహంలోకి చూసింది.

"చారుల బెల్లమేందక్కా? పాయసం జేసినవా?"

అయినా గిన్నె ఖాళీ చేసింది, అది మాత్రం రాసి తీరాలి.

బండి బాగు చేసే మనిషిని చెప్పింది కూడా తనే. "మన్నెగూడ చౌరస్త కాడ మల్లేశ్ అని ఉన్నడు. మా ట్రాలీలన్ని వాడే జూస్తడు. నోరు జర ఎక్కువ, చెయ్యి మంచిది. ఫికర్ చెయ్యకు" అంది.

మన్నెగూడ చౌరస్తా

నోరు జర ఎక్కువ అన్నది చాలా తక్కువ చేసి చెప్పిన మాట. మల్లేశ్ భారీ మనిషి. మేం బండి ఆపీ ఆపకముందే మొదలుపెట్టాడు. సాగర్ రోడ్డు మీద తిరిగే ప్రతి బండీ తన చేతి కింద నుంచే పోవాలట. తను పట్టుకుంటే ఎడ్లబండి కూడా కారులా పోతుందట. మా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తల పైకెత్తి చూసి, "దీనికి నిచ్చెన ఏదన్నా?" అన్నాడు. మా ఆయన మొహం మాడిపోయింది.

కిందికి దూరి గడ్డపారతో అక్కడా ఇక్కడా పొడిచి చూశాడు. బండి కింది నుంచి మాటలు వస్తూనే ఉన్నాయి. కాసేపటికి చిన్న రబ్బరు ముక్కొకటి పట్టుకుని బయటికొచ్చి నా చేతిలో పెట్టాడు. చిరిగి, పిగిలి, పాత చెప్పు అడుగులా ఉంది.

"గిది బుష్షు అక్కా. కమాన్ కట్ట చివర ఉంటది. అన్ని ఇట్లనే అయినయ్. ఇనుము ఇనుముకు తాకుతున్నది. గందుకే నీ నడుము పోతున్నది" అని, మా ఆయన వైపు తిరిగాడు. "ఎవలు బిగించిన్రన్నా గివి?"

"నేనే!" అన్నారు మా ఆయన, ఛాతీ పొంగించి.

"బండి జాకీ మీద ఉన్నప్పుడేనా?"

"ఆయ్. లేకపోతే కిందికెలా దూరతాం?"

మల్లేశ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే టైరు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. కమాన్ కట్ట అంటే బండి బరువు మోసే ఇనప పట్టీల వరస. దాని చివర్లలో బోల్టు చుట్టూ ఈ రబ్బరు ఉంటుంది. బండి గాలిలో వేలాడుతున్నప్పుడు బోల్టు గట్టిగా బిగిస్తే, రబ్బరు ఆ వాలులోనే బిగుసుకుపోతుంది. చక్రాలు నేల మీద ఆని, పైన బరువు పడగానే అది మెలితిరిగిపోతుంది. ఇక ఆగి ఉన్నా, నడుస్తున్నా ఆ మెలి పోదు.

"రాత్రంత మెడ గిట్ల తిప్పి పండుకుంటే పొద్దుగాల ఎట్లుంటది? గదే బాధ దీనికి, నెలల నుంచి" అన్నాడు మల్లేశ్, మెడ వంకర పెట్టి చూపిస్తూ.

నాకు ఆ రబ్బరు ముక్క మీద జాలేసింది. మా ఇద్దరిదీ ఒకటే జబ్బు, చేసిందీ ఒకే మనిషి. ఆ మాటే పైకి అన్నాను. మా ఆయన వినపడనట్టు పక్కనున్న సైన్‌బోర్డు చదవడం మొదలుపెట్టారు.

అదొక్కటే కాదు. షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోయింది. ఒక కమాన్ పట్టీ నెర్రె ఇచ్చింది. అన్నీ మార్చాలన్నాడు. చివర్లో, "లేకుంటే ఒక పని చేద్దమన్నా. దిమ్మలు తీసేసి మామూలు ఎత్తుకు దించేద్దం. సగం లొల్లి గదితోనే పోతది" అన్నాడు.

"ఎత్తు మాత్రం దించద్దు" అన్నారు మా ఆయన. నెమ్మదిగానే అన్నారు, కానీ ఆ గొంతు నాకు తెలుసు. ఆయన ఏ విషయంలోనూ గట్టిగా ఉండరు, కూరలో ఉప్పు లేకపోయినా తినేసే మనిషి. ఆ ఎత్తు విషయంలో మాత్రం దేవుడొచ్చి చెప్పినా వినరు.

తుర్కయాంజాల్ ఆటో

మల్లేశ్ పాత సామాను విప్పుతుంటే, మేం కొత్త సామాను కోసం షేర్ ఆటోలో తుర్కయాంజాల్ వెళ్ళాం. దారి పొడవునా అపార్టుమెంట్లు. ఒకటి పూర్తయ్యేలోపే పక్కన ఇంకోటి లేస్తోంది. ఆటోలో నా పక్కన ఒకావిడ ఒళ్ళో కొత్త కుండ పెట్టుకుని కూర్చుంది. కుండకు పసుపు పూసి, తెల్లటి బొట్లు పెట్టి ఉంది. ఆషాఢమాసం కదా, బోనాలు. ఏమిటని అడగ్గానే ఆవిడ కుండ నా ఒళ్ళో పెట్టేసింది, పట్టుకుని చూడమని.

"దీంట్ల బెల్లమన్నం పెట్టి, పైన దీపం పెట్టి, నెత్తి మీద ఎత్తుకోని అమ్మోరి కాడికి పోతం. నువ్వు గూడ రా అక్కా, ఆదివారం" అంది.

"మా వైపు గరగలని ఉంటాయమ్మా. గరగ నెత్తిన పెట్టుకుని చిందులేస్తారు" అన్నాను.

"ఆడోళ్ళేనా?"

"కాదు, మగవాళ్ళు."

"మగోళ్ళు ఎత్తుకుంటరా! పడెయ్యరా?" అంది ఆశ్చర్యంగా. మా ఆయన పనితనం గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

కుండ ఒళ్ళో పెట్టుకుని తుర్కయాంజాల్ దాకా వెళ్ళాను. దిగాక గాని నాకు తట్టలేదు, దారంతా నడుం నొప్పే లేదు. ఆ ముక్క పైకి అనేశాను. "ఏవండీ, ఈ ఆటో మన బండి కన్నా మెత్తగా ఉంది!"

అనకుండా ఉండాల్సింది. ఆయన నన్ను వెనక వదిలేసి సామాను కొట్టు దాకా గబగబా నడిచారు.

రావిర్యాల వైపు

సాయంత్రానికి అన్నీ బిగించాడు మల్లేశ్. బుష్ బోల్టులు మాత్రం చివరి బిగింపు రేపేనన్నాడు. ముందు షాక్ అబ్జార్బర్లు ఎలా ఉన్నాయో చూద్దామని, ముగ్గురం ఎక్కి రావిర్యాల వైపు బయల్దేరాం. రోడ్డు బాగుంది, బండి బాగుంది. మల్లేశ్ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, "చెప్పిన్నా లేదా? విమానం లెక్క పోతది అని" అంటున్నాడు.

మొదటి స్పీడ్ బ్రేకరు వచ్చింది. ముందు చక్రం ఎక్కి దిగగానే కింద గడాంగుమని చప్పుడు. ఇంట్లో పెద్ద గంగాళం మేడ మీంచి పడితే అలా మోగుతుంది. నా నడుం పట్టేసింది. అయిపోయింది, ఇక ఇంట్లో కూర్చోవడమేననుకున్నాను.

మల్లేశ్ దిగి కిందికి చూసి, ఆ రోజులో మొదటిసారి మాట్లాడకుండా నిలబడ్డాడు. తర్వాత చెంపలు వాయించుకున్నాడు.

"నాదే తప్పక్కా. మామూలు బండి సైజు రాసిచ్చిన. ఎత్తు మర్చిపోయిన. షాకబ్జర్లు పొట్టిగైనయ్, చక్రం కిందికి దిగంగనే గుంజుకపోయి కొట్టుకుంటున్నయ్."

పొద్దుటి నుంచీ మా బండి ఎత్తు మీద నిచ్చెన జోకులూ తాటిచెట్టు జోకులూ వేసిన మనిషి, సామాను రాసేటప్పుడు ఆ ఎత్తే మర్చిపోయాడు! తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ, అతని మొహం చూసి ఊరుకున్నాను. "రేపు నేనే బోయి పొడుగువి తెస్త. ఒక్క రోజియ్యి" అన్నాడు.

సుగుణమ్మ ఇంటికి చేరి మంచం మీద వాలాను. ఆవిడ నా అవస్థ చూసి వేడివేడి మక్కగారెలు, అదే మొక్కజొన్న గారెలు, తెచ్చి పక్కన పెట్టింది. వాకిట్లో మా ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నా "వెంకన్నా" అన్న మాట స్పష్టంగా వినపడింది. వచ్చే నెల కాదు, వచ్చే వారమే రమ్మని చెబుతున్నారనుకున్నాను. గారెలు తింటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సుగుణమ్మ మిరపకాయ ఎక్కువైందేమోనని కంగారుపడి నీళ్ళు తెచ్చింది. ఔనన్నాను.

బండి నిండా ఆడవాళ్ళు

మర్నాడు మల్లేశ్ మాట నిలబెట్టుకున్నాడు. పొడుగు షాక్ అబ్జార్బర్లు తెచ్చి వేసి, సాయంత్రం బండిని సుగుణమ్మ చెలక దగ్గరికి తనే తోలుకొచ్చాడు. పెద్ద పానా, దానికి తొడిగే పొడుగాటి గొట్టం కూడా తెచ్చాడు. చివరి బిగింపు ఎప్పుడూ తన షెడ్డులో చెయ్యడట. ఎవరి బండి రోజూ ఎంత మోస్తుందో, అంతా ఎక్కించాకే బిగిస్తాడట. ఇసుక బండైతే ఇసుక రేవు దగ్గరికి, పాల బండైతే పాల క్యాన్లు నింపాక.

"మీ మొక్కలేవి మరి?" అన్నాడు.

మొక్కలన్నీ అప్పటికే నేలలో ఉన్నాయి. గుంతలు తీసి, నాటి, నీళ్ళు పోసి కూలికొచ్చిన ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. సుగుణమ్మ ఒక్క క్షణం ఆలోచించి కేకేసింది.

"ఏయ్, అందరు బండెక్కుర్రి! బరువు గావాల్నంట!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. పారలు పక్కన పడేసి, ఒకరినొకరు తోసుకుంటూ, ఎత్తు చూసి తిట్టుకుంటూ ఎక్కారు. ఒకావిడను కింద నుంచి ఇద్దరు నెట్టి, పై నుంచి ఇద్దరు లాగారు. ఇంకొకావిడ, "మమ్మల్ని దేనికి తూకమేస్తున్నవ్ మల్లేశన్నా, అమ్ముతవా?" అంది.

"నిన్ను ఎవలు కొంటరే! కదలకుర్రి, సక్కగ కూసోర్రి" అని మల్లేశ్ కిందికి దూరాడు. వెనక నవ్వులు ఆగడం లేదు, బండి ఊగుతూనే ఉంది. నేను సుగుణమ్మ పక్కన నిలబడి చూస్తున్నాను.

కాసేపటికి బండి కింది నుంచి మల్లేశ్ గొంతు వినిపించింది. "అన్నా, డ్రైవర్ సీట్ల నువ్వు కూసో. పక్క సీట్ల ఎప్పటికి ఎవలుంటరు? మనిషి ఉంటడా, ఖాళీనా? గది గూడ లెక్కనే నాకు."

మా ఆయన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. వెంకన్న మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆ బరువుకు తగ్గ మనిషినొకర్ని వెనక నుంచి పిలిచి కూర్చోబెట్టమంటారేమోనని చూస్తున్నాను.

"మా ఆవిడ కూర్చుంటుందండి" అన్నారు.

"ఎప్పటికేనా?"

"ఆయ్. ఎప్పుడూ ఆవిడే."

"అయితే ఎక్కు అక్కా, ఏం జూస్తున్నవ్!" అని కింద నుంచి కేక.

సుగుణమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కాను. కూర్చున్నాను. మల్లేశ్ మమ్మల్నందరినీ ఊపిరి కూడా గట్టిగా పీల్చద్దని చెప్పి ఒక్కో బోల్టూ బిగించుకుంటూ వెళ్ళాడు. బిగించినప్పుడల్లా నా సీటు కింద కిర్రుమని శబ్దం వచ్చేది. మా ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నారు. నేనూ ఆయన వైపు చూడలేదు, చూస్తే ఏడుపొచ్చేలా ఉంది.

బిగించడం అయ్యాక ఎవరూ దిగలేదు. మమ్మల్ని ఇళ్ళ దగ్గర దింపాల్సిందేనని పట్టుబట్టారు. సరేనని ఊళ్ళోకి తోలాం. చెలక నుంచి ఊరికి మట్టి దారి, మధ్యలో వాన నీళ్ళు కోసిన గాడి ఒకటి. అక్కడికి రాగానే నేను కళ్ళు మూసుకుని సీటు గట్టిగా పట్టుకున్నాను. బండి వంగింది, లేచింది, అంతే. చప్పుడు లేదు. ముందు అరిచింది వెనకున్న ఆడవాళ్ళే.

"అబ్బ! ఉయ్యాల లెక్కున్నదే!"

మల్లేశ్ తన మోటారు సైకిలు మీద పక్కనే వస్తూ, "నేను జెప్పలే?" అని ఊరంతా వినపడేలా అరిచాడు. నిన్నటి గడాంగు చప్పుడు అప్పటికే మర్చిపోయినట్టున్నాడు.

తిరుగు దారి

పొద్దున్నే బయల్దేరాం. సుగుణమ్మ జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. "మామిడి కాతకొచ్చినప్పుడు గా సీట్లనే కూసోని రావాలె" అని నన్ను ఎక్కించింది. ఔటర్ ఎక్కిన గుర్తుంది, చౌటుప్పల్ బోర్డు చూసిన గుర్తుంది. ఆ తర్వాత కళ్ళు తెరిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"సూర్యాపేట వచ్చిందా?" అన్నాను.

"ఎప్పుడో దాటేశాం."

"అదేంటండీ! టీ తాగాలి కదా. ఆవిడతో నడుం బాగైందని చెబుదామనుకున్నాను. లేపద్దూ?"

"నువ్వు నిద్రపోయావు సత్యా" అన్నారు. ఏదో వింత చూసినట్టు మళ్ళీ అన్నారు, "ఈ బండిలో నిద్రపోయావు."

రెండు రోజులుగా లోపల తొలుస్తున్న మాట ఇక ఆగలేదు. "మరి వెంకన్నకేం చెబుతారు?"

"చెప్పేశానుగా, రావద్దని."

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం. సుగుణమ్మ గారి వాకిట్లోంచి ఫోన్ చేసి."

నాకు అర్థం కాలేదు. మొన్న సాయంత్రమంటే ఆ గడాంగు చప్పుడైన రోజు. నేను మంచం మీద పడుకుని గారెలు తింటూ ఏడ్చిన రోజు. "అప్పటికి బండి బాగుపడలేదు కదండీ. బాగుపడకపోతే ఏం చేసేవారు?"

ముందు వెళ్తున్న లారీని దాటి, అప్పుడు చెప్పారు.

"దిమ్మలు తీయించేసి మామూలు ఎత్తుకు దించేసేవాణ్ణి. మల్లేశుకు చెప్పి ఉంచాను, పొడుగువి కూడా కుదరకపోతే దించెయ్యమని. వరద రోజుల్లో బండి కదలకపోతే కదలదు. ఇంట్లో కూర్చునేవాళ్ళం, ఇద్దరం."

ఏదో ఒకటి అని ఏడిపిద్దామనుకున్నాను. కానీ సుగుణమ్మ ఇచ్చిన మూట విప్పి, జొన్నరొట్టె తుంచి ఆయన నోటికి అందించాను.